కొంగు తెగిన దిక్కు

గద్వాల చీరకు నడుమంతా నూలు, కొంగు పట్టు. మగ్గం మీద నూలు పోగు ఒక్కొక్కటి తీసి, దాని కొసకు పట్టు పోగు కొస చేర్చి, వేళ్లకు బూడిద అద్దుకొని తిప్పాలి. ముడి వెయ్యరు. బిగువంతా ఆ తిప్పుడులోనే ఉండాలి. ఈ పనికి ఇద్దరు కూర్చుంటారు. ఒకరు ఈ అంచు నుంచి, ఒకరు ఆ అంచు నుంచి మొదలుపెట్టి నడిమికి వచ్చి కలుస్తారు.

తిప్పుడు గట్టిదో కాదో కంటికి తెలియదు. అందుకని వెంకటన్న సావుకారి అరుగు మీద చీర లాగి చూసేవారు. నేసినవాడు కొంగు పట్టుకుంటాడు. సావుకారి దగ్గర పనిచేసే మల్లేశ్ రెండో కొస పట్టుకుంటాడు. ఇద్దరూ వెనక్కి వాలి లాగుతారు. నిలిస్తే సావుకారి కొంగుకు ఇంత పసుపు పెట్టి మడత వేయిస్తాడు. అవి లడాయి దినాలు, ఎక్కడో యుద్ధం జరుగుతోంది. పట్టు రావడం లేదు, జరీ రావడం లేదు. వచ్చిన కాస్త పట్టు ఎవరి చేతిలో పెట్టాలో ఆ లాగుడు చూసే సావుకారి ఎంచేవాడు. వీధిలోని మగ్గాల వాళ్లందరూ అక్కడ చేరేవారు. తమది కాని చీర లాగుతుంటే చూడటం ఎవరికైనా సరదానే.

జమ్ములమ్మ జాతర ముందర చెన్నయ్య చీర ఆ అరుగు మీద తెగింది.

చెన్నయ్యది పేరున్న చేయి. ఆయన చీర లాగేటప్పుడు మల్లేశ్ నవ్వుతూ లాగేవాడు, నిలుస్తుందని తెలుసు గనుక. ఆ రోజు కూడా అట్లాగే నవ్వుతూ వెనక్కి వాలాడు. చర్రుమని చప్పుడైంది. మల్లేశ్ కూలబడ్డాడు. ఒక అంచు పక్కన బెత్తెడు మేర పోగులు విడిపోయి ఇటు పట్టు కుచ్చులు, అటు నూలు కుచ్చులు వేలాడాయి.

"ఏందన్నా ఇది, కొంగా, గుమ్మానికి తోరణమా?" అన్నాడు పక్కింటి భీమన్న. ఆయనదీ మగ్గమే. ఆయన చీర అంతకు ముందు నెల తెగింది.

అందరూ నవ్వారు. వెంకటన్న నవ్వలేదు. పసుపు గిన్నె పక్కన పెట్టి, "చెన్నయ్యా, నీ చేతిల గూడ గిట్లయితే పట్టు ఇంకెవనికిద్దు?" అన్నాడు.

"నేను గాదు సావుకారి," అన్నాడు చెన్నయ్య. "ఆ దిక్కు పిల్లగాడు తిప్పిండు."

ఆ మాట అనాలని అనుకొని అన్నది కాదు. నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోలేదు.

పిల్లగాడు అంటే ఆయన కొడుకు కురుమూర్తి. పదిహేనేళ్లవాడు. అరుగు కింద, చీర చుట్టి తెచ్చిన గుడ్డ చేత పట్టుకొని నిలబడి ఉన్నాడు. తెగిన చోటును చూశాడు. తండ్రి ముఖం చూశాడు. తల దించుకున్నాడు.

తెగింది చెన్నయ్య తిప్పిన దిక్కు. చీర మగ్గం దిగి మడత పడ్డాక ఎవరు ఏ అంచున కూర్చున్నారో బయటివాళ్లకు తెలియదు. ఆ ఇద్దరికి తెలుసు. ఏడాదిగా చెన్నయ్యకు దగ్గరి పోగు మసకగా కనిపిస్తోంది. ఒక పోగు రెండుగా కనిపిస్తుంది, రెండు ఒకటిగా కనిపిస్తాయి. ఈ సంగతి ఆయన భార్యకు కూడా చెప్పలేదు. కండ్లు పోతున్నవాడికి ఆ కరువులో పట్టు ఇచ్చే సావుకారి ఎవరూ లేరు.

"పిల్లగాడా? అట్ల జెప్పు," అన్నాడు వెంకటన్న. "ఇగ నుంచి కొంగు నువ్వే దగ్గరుండి తిప్పు. వాని చేతికి జర పని నేర్పు."

పట్టు మళ్లీ ఇచ్చాడు. పని పోకుండా దక్కింది.

వీధిలో కురుమూర్తికి పేరు పడింది. నీళ్ల బావి దగ్గర, జోళ్లు కుట్టేచోట, ఎక్కడికి పోయినా, "వచ్చిండురా తోరణం" అనేవారు. భీమన్న అయితే పిల్లవాడు వాకిలి దాటితే చాలు, "ఏమోయ్ తోరణం, మా ఇంటికి పెండ్లున్నది, జర వచ్చి కడ్తవా?" అనేవాడు. ఇంట్లో తల్లి యాదమ్మ వేరే తిట్టేది. "మీ నాయిన ఇన్నేండ్ల పేరు నీళ్లల్ల కలిపితివి గదరా. చేతులల్ల పానం లేదా?" అనేది. చెన్నయ్య అన్నం తింటూ ఆ మాటలు వినేవాడు. పోనీలే అనేవాడు. పోనీలే అన్నందుకు యాదమ్మ, "చూడు, మీ నాయిన ఎంత మంచోడో" అని కొడుకును ఇంకో మాట అనేది.

కురుమూర్తి మగ్గం గుంటలో దిగి పని చూసుకునేవాడు.

ఎండలు ముదిరేసరికి వాడికి తలనొప్పి పట్టుకుంది. తల వెనక, మెడ పైన. చెవుల్లో హోరు అనేవాడు. యాదమ్మ ఉల్లిగడ్డ దంచి అరికాళ్లకు పట్టించింది. దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టింది. తగ్గలేదు. ఒకనాడు మగ్గం గుంటలో కూర్చొని అడ్డపోగు నాడె అటూ ఇటూ విసురుతూ ఉండగా ముక్కులోంచి రక్తం కారింది. ముఖం పక్కకు తిప్పుకొని అరచేయి పట్టాడు, తెల్లని నూలు మీద చుక్క పడకుండా. రక్తం ఆగడానికి చాలాసేపు పట్టింది.

"వేడి చేసింది," అన్నాడు చెన్నయ్య.

"ఏం వేడి? దినాం వేడేనా?" అంది యాదమ్మ. "దవాఖానకు తీస్కపో. రాయచూరు నుంచి కొత్త డాక్టరు వచ్చిండంట. నువ్వు పోకపోతె నేనే తీస్కపోత."

చెన్నయ్య కొడుకును వెంట తీసుకొని దవాఖానకు పోయాడు.

డాక్టరు వయసులో చిన్నవాడు. తెలుగులో కన్నడం కలిపి మాట్లాడేవాడు. "బారప్పా, ఇట్ల కూర్చో. హెదరబేడ, భయపడకు" అని కురుమూర్తిని బల్ల మీద కూర్చోబెట్టాడు. కాళ్లు నొక్కి చూశాడు, వాపు లేదు. కనురెప్ప లాగి చూశాడు. గుండె విన్నాడు. మూత్రం పట్టించి పరీక్ష చేశాడు. తర్వాత ఒక చెక్కపెట్టె తెరిచాడు. మూతకు నిలువుగా గాజు గొట్టం ఉంది, అడుగున పాదరసం. పిల్లవాడి జబ్బకు గుడ్డపట్టీ చుట్టి, రబ్బరు ఉండ పిసికాడు. పట్టీ ఉబ్బింది. గొట్టంలో పాదరసం పైకి లేచింది. చెవి గొట్టాల బిళ్ల మోచేతి మడతలో ఆనించి విన్నాడు. ముఖం చిట్లించి మళ్లీ ఒకసారి చూశాడు.

"ఏంది సారూ?" అన్నాడు చెన్నయ్య.

"రక్తపు పోటు ఉంది. గుండె కొడితే రక్తం నరాలల్ల ఎంత గట్టిగ నెడుతదో ఇది చెప్తది. పెద్దతనంల వచ్చేది. ఈ వయసుల గిట్ల ఉండొద్దు." డాక్టరు పట్టీలో గాలి తీశాడు. "నువ్వు జర బయట కూర్చో."

చెన్నయ్య బయట అరుగు మీద కూర్చున్నాడు. తలుపు తెరిచే ఉంది. లోపల డాక్టరు ఏదేదో అడుగుతున్నాడు. ఈత వచ్చునా, ఏ బావిలో కొడతావు, కృష్ణలో కొట్టావా అని. కురుమూర్తి చిన్నగా నవ్వడం వినిపించింది. ఆ నవ్వు చెన్నయ్య విని చాలా రోజులైంది. మళ్లీ రబ్బరు ఉండ బుస్సుమంది.

"చూసినవా, దిగింది," అన్నాడు డాక్టరు. చెన్నయ్యను లోపలికి పిలిచాడు. "మూత్రం బాగుంది. కాళ్లల్ల నీరు లేదు. లోపల రోగం ఏం కనిపిస్తలేదు. దేనికన్న పరేషాన్ అవుతున్నడా? ఇంట్లనో, పనిలనో?"

"పరేషాన్ ఏం లేదు సారూ."

"ఏమన్న జరిగిందా?"

పట్టీ ఇంకా పిల్లవాడి జబ్బకే ఉంది. డాక్టరు మాట్లాడుతూనే ఉండ పిసుకుతున్నాడు.

చెన్నయ్య గొంతు సవరించుకున్నాడు. "ఏం లేదు. కొంగు తిప్పుడుల తప్పు చేసిండు. నలుగురిల తెగింది. అందరు నవ్విన్రు. అదే మనసుల పెట్టుకున్నడేమో."

పాదరసం లేచింది. డాక్టరు మళ్లీ విన్నాడు, పోటు మొదటిసారికంటే పైన పలికింది. డాక్టరు వేలెత్తి పిల్లవాడి మెడ చూపించాడు. చెవి కింద నరం చర్మాన్ని తోసుకుంటూ కొట్టుకుంటోంది.

"నీ మాటకే లేస్తున్నది చూడు," అన్నాడు డాక్టరు. తప్పు పట్టే గొంతు కాదు, ఉన్నది చెప్పే గొంతు. "కోపమొచ్చినా, సిగ్గయినా, భయమైనా రక్తం గట్టిగ నెడుతది. అందరికీ అంతే. అది పోయినంక దిగుతది. కాని దినాం మింగుకుంట కూర్చుంటే దిగే సందు దొరకదు. అదే అలవాటయితే ముందు ముందు గుండెకు మంచిది గాదు. ఉప్పు జర తగ్గియ్యిన్రి. నిద్ర పోనియ్యిన్రి. అసలు మందు నా దగ్గర లేదు. వాడు మింగుతున్నది ఏందో అది తీసేయాలె."

కురుమూర్తి నేల చూస్తున్నాడు.

వాడికి తెలుసు. ఏ దిక్కు తెగిందో కొడుకు గమనించలేదేమో, అది తన చేతి తప్పేనని వాడు అనుకుంటున్నాడేమో అని చెన్నయ్య ఇన్నాళ్లూ తనకు తాను చెప్పుకుంటూ వచ్చాడు. గాజు గొట్టం ముందర ఆ మాట నిలవలేదు.

ఇద్దరూ ఇంటిదారి పట్టారు. సంత వీధిలో చెన్నయ్య ఆగి మామిడికాయ ముక్కలు కొన్నాడు, ఉప్పుకారం చల్లించి కొడుకు చేతిలో పెట్టాడు. ఉప్పు తగ్గించమన్నారని అప్పుడు గుర్తుకొచ్చింది. వెనక్కి తీసుకోవడానికి చేయి రాలేదు.

"ఏమన్నడు?" అంది యాదమ్మ.

"వేడే అన్నడు. ఉప్పు తగ్గియ్యమన్నడు," అన్నాడు చెన్నయ్య. కురుమూర్తి కుండలో నీళ్లు ముంచుకొని తాగాడు.

కొత్త చీర కొంగు తిప్పే పని వచ్చింది. ఇద్దరూ చెరో అంచున కూర్చున్నారు. బూడిద చిప్ప నడుమ ఉంది. చెన్నయ్య పోగు పట్టుకొని వెలుతురుకు వంగి, కళ్లు చికిలించి తిప్పాడు. కొడుకు వేళ్లు చకచకా కదులుతున్నాయి. మధ్యాహ్నం దాటాక చెన్నయ్య చుట్ట కాల్చుకొస్తానని లేచి బయటికి పోయాడు. వాకిట్లోకి వెళ్లాక అగ్గిపెట్టె మరిచిపోయానని వెనక్కి తిరిగాడు.

కురుమూర్తి తన చోట లేడు. తండ్రి అంచున కూర్చొని ఉన్నాడు. తండ్రి తిప్పిన పోగుల్లో ఒక్కొక్కటి రెండు వేళ్లతో సుతారంగా లాగి చూస్తున్నాడు. జారినదాన్ని విప్పి, బూడిద అద్ది, మళ్లీ తిప్పుతున్నాడు. మాటిమాటికి వాకిలి వైపు చూస్తున్నాడు. అట్లా చూసినప్పుడు తండ్రి కనిపించాడు.

వాడు గబుక్కున లేచాడు. లేస్తూనే ముక్కు పట్టుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం.

చెన్నయ్య భుజం మీది తువ్వాలు తీసి ముక్కుకు అదిమాడు. కొడుకు తల తన పొట్టకు ఆనించుకొని నిలబడ్డాడు. తువ్వాలు కింది నుంచి, "ఈగ వాలితే తోలుతున్న నాయినా," అన్నాడు కురుమూర్తి.

చెన్నయ్య, "ఆఁ," అన్నాడు. జాతర నుంచి ప్రతి చీరకూ ఇదే జరుగుతోందని అర్థమైంది. తాను చుట్ట కాల్చే సేపంతా వాడు దొంగలాగ తండ్రి పని దిద్దుతున్నాడు. తాను వచ్చి మళ్లీ కూర్చొని, చేయి ఇంకా పోలేదులే అనుకుంటున్నాడు.

చీర మగ్గం దిగింది. సావుకారి అరుగు మీద ఎప్పటి జనమే ఉన్నారు. చెన్నయ్య కొంగు చేతికి చుట్టుకున్నాడు. అవతలి కొస మల్లేశ్ పట్టుకున్నాడు. జాతర నుంచి వాడు నవ్వుతూ లాగడం మానేశాడు, కాలు గట్టిగా తన్నిపెట్టి లాగాడు. చీర తీగలాగా బిగిసి నిలిచింది. ఇంకోసారి లాగాడు. పోగు కదల్లేదు.

"అదీ, చెయ్యి అంటే గిట్లుండాలె!" అన్నాడు వెంకటన్న. పసుపు గిన్నెలో వేలు ముంచాడు. "ఈసారి గూడ ఒక్కనివే తిప్పినట్టున్నవ్, పిల్లగాన్ని ముట్టనియ్యలేదా?"

"ముట్టనిస్తే మల్లేశ్ నడుమిరుగుతది," అన్నాడు భీమన్న. "తోరణం, నువ్వు దూరముండు బిడ్డా, నీ నీడ పడితే గూడ తెగుతది."

అరుగంతా నవ్వింది. మాట్లాడకుండా ఉంటే చాలు. పసుపు పడుతుంది, పట్టు వస్తుంది, చెన్నయ్య పేరు మునుపటిలాగే నిలుస్తుంది. ఆయన కొంగు చేతికి చుట్టుకొని అట్లాగే నిలబడ్డాడు. అరుగు కింద కొడుకు చెవులు ఎర్రబడ్డాయి. చెవి కింద నరం కొట్టుకుంటోంది. దగ్గరి పోగు కనిపించని కండ్లకు దూరాన ఉన్న ఆ నరం బాగా కనిపించింది.

"సావుకారి, పసుపు పెట్టకు," అన్నాడు చెన్నయ్య.

"ఏందయ్యా?"

"జాతరప్పుడు తెగింది నా దిక్కు. పిల్లగానిది గాదు. నేను అబద్ధమాడిన." చేతికి చుట్టిన కొంగు విప్పాడు. "నాకు పోగు కనిపిస్తలేదు. ఏడాదాయె. ఇప్పుడు నిలిచింది గూడ నా చెయ్యి గాదు. నేను తిప్పినయి వాడు నాకు తెల్వకుండ విప్పి మళ్ల తిప్పిండు."

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. ఎవరో దగ్గారు. భీమన్న తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. "అయితే ఇన్నొద్దులు ఆ పిల్లగాన్ని మేము..." అని మొదలుపెట్టి మిగతాది మింగేశాడు. ఒకరి వెనక ఒకరు అరుగు దిగిపోయారు. పోతూ పోతూ చెన్నయ్య వైపు చూడకుండా ఉండటానికి ప్రతివాడూ ఏదో ఒకటి చూసుకున్నాడు, జోళ్లు, ఆకాశం, మొలలో దోపిన చుట్ట.

వెంకటన్న పసుపు వేలు గిన్నె అంచుకు తుడుచుకున్నాడు.

"చీర నిలిచింది, తీసుకుంట," అన్నాడు. "కాని చెన్నయ్యా, పట్టు ఇప్పుడు బంగారం లెక్క. కండ్లు లేవని నీ నోటితోనే జెప్తివి. ఇంకెట్ల ఇద్దు? పిల్లగాడు పెద్దగైనంక చూద్దాం. అందాక ముతక నూలు చీరలు నెయ్యిన్రి."

"మంచిది," అన్నాడు చెన్నయ్య.

దారిలో కురుమూర్తి ముందు నడిచాడు. ఇంటి మలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. కళ్లలో నీళ్లున్నాయి, కోపమూ ఉంది.

"ఎందుకు జెప్పినవ్ నాయినా? ఇగ పట్టు ఎవరిస్తరు? నేను తిప్పుతుంటినిగద. ఎవరికీ తెల్వకపోవు."

"నీకు తెలుసుగద," అన్నాడు చెన్నయ్య.

కురుమూర్తి ముఖం చేతి మడతతో తుడుచుకొని ఇంట్లోకి పోయాడు.

వాళ్లకంటే ముందే మాట ఇంటికి చేరింది. యాదమ్మ పొయ్యి దగ్గర కూర్చొని ఉంది. ఆ రోజు మొదట కొడుకుకు అన్నం పెట్టింది. పక్కన కూర్చొని వాడు తినేదాకా చూసింది. తర్వాత చెన్నయ్య ముందర పళ్లెం పెట్టి, "నా నోటితో గూడ తిట్టిస్తివి గదయ్యా," అంది. అంతే. ఎన్నో రోజులు ఆమె ఆయనతో అవసరానికి మించి మాట్లాడలేదు.

ముతక చీరల్లో కొంగు తిప్పే పని లేదు, ఆ చివరి నుంచి ఈ చివరికి ఒకటే నూలు. నేయడం తేలిక, పొట్ట నిండటం కష్టం. వీధిలో తోరణం అనే మాట పోయింది. చెన్నయ్య వెళ్తుంటే మాటలు ఆగిపోయేవి, దాటిపోయాక మళ్లీ మొదలయ్యేవి. ఆయన తల వంచుకొని గోడ పక్కగా నడిచేవాడు. తోరణం లాంటి పేరు పెట్టి పిలిచినా ఇంతకంటే తేలికగా ఉండేదనిపించేది. ఈ బరువు ఆ పిల్లవాడు అన్ని రోజులు ఎట్లా మోశాడో అనుకునేవాడు.

వానలు పడ్డాక కొడుకును మళ్లీ దవాఖానకు తీసుకుపోయాడు. తలనొప్పి తగ్గింది, పూర్తిగా పోలేదు. ముక్కు రక్తం మళ్లీ రాలేదు. డాక్టరు పెట్టె తెరిచి పట్టీ చుట్టాడు. ఎవరూ చెప్పకుండానే చెన్నయ్య లేచి తలుపు వైపు నడిచాడు.

"ఎక్కడికి?" అన్నాడు కురుమూర్తి.

"బయట కూర్చుంట."

"ఉండు నాయినా."

చెన్నయ్య ఆగాడు. తిరిగి వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తువ్వాలు పట్టుకున్నాడు. రబ్బరు ఉండ బుస్సుమంది. గొట్టం వైపు చూడటానికి ధైర్యం చాలలేదు. కొడుకు వేళ్లు చూస్తూ నిలబడ్డాడు. గోళ్ల సందుల్లో ఇప్పుడు బూడిద లేదు.

"దిగిందప్పా," అన్నాడు డాక్టరు. "ఇంకా జర ఉంది. మెల్లగ దిగుతది. ఏం తీసేసిన్రు?"

చెన్నయ్య నోరు తెరిచాడు. కురుమూర్తి తండ్రి ముఖం చూసి, "ఉప్పు తగ్గించినం సారూ," అన్నాడు.